ఆస్తి విలువ కట్టేవారి క్షేత్ర భద్రత

ఇల్లు, స్థలం, పొలం, దుకాణం వంటి స్థిరాస్తికి విలువ కట్టేవారు ఆ ఆస్తిని స్వయంగా వెళ్ళి చూడాలి. అలా వెళ్ళినప్పుడు యజమాని, అద్దెదారు, వాటాదారు, పొరుగువారు ఎవరైనా తిట్టవచ్చు, బెదిరించవచ్చు, గేటు వేసి ఆపవచ్చు, చేయి చేసుకోవచ్చు. వీటి నుంచి తమను కాపాడుకోవడానికి ఈ వృత్తిలోనివారు పాటించే పద్ధతులను క్షేత్ర భద్రత అనవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో ఈ పని చేసేవారు కాగితాల మీద రిజిస్టర్డ్ వ్యాల్యూయర్లు, బ్యాంకుల్లో ప్యానెల్ ఇంజినీర్లు. వీధిలో మాత్రం 'బ్యాంకు నుంచి కొలవడానికి వచ్చినాయన'. సగం చిక్కు ఈ మూడో పేరులోనే ఉంది. ఆయన బ్యాంకు ఉద్యోగి కాడు, బ్యాంకు తరఫున మాట ఇవ్వలేడు, అప్పు మంజూరు చేయలేడు, ఆపలేడు. గుమ్మంలో నిలబడ్డ మనిషికి మాత్రం బ్యాంకంటే ఆ పూట ఆయనే.

కక్షిదారు ఎవరు

భారతదేశంలో ఈ వృత్తికి రెండు చట్టాల ఆధారం ఉంది. మొదటిది సంపద పన్ను చట్టం, 1957లోని 34ఏబీ సెక్షను. సంపద పన్ను 2015 బడ్జెట్‌తో రద్దయినా, ఆ సెక్షను కింద నమోదైన వ్యాల్యూయర్ల నివేదికలను బ్యాంకులు వాడుతూనే ఉన్నాయి. రెండోది కంపెనీల చట్టం, 2013లోని 247వ సెక్షను. దీని కింద 2017 అక్టోబరులో నియమావళి వచ్చింది, నమోదు బాధ్యత దివాలా వ్యవహారాల నియంత్రణ మండలికి దక్కింది. భూమి-భవనాలు, యంత్రసామగ్రి, ఆర్థిక ఆస్తులు అని మూడు తరగతులుగా పరీక్షలు పెట్టి నమోదు చేస్తారు. క్షేత్ర భద్రత ప్రశ్న ప్రధానంగా మొదటి తరగతివారిదే. షేర్లకు విలువ కట్టేవారి మీదికి ఎవరూ కుక్కను ఉసిగొల్పరు.

విలువ నివేదిక కోరేది బ్యాంకు, అందుకునేదీ బ్యాంకే. ఫీజు మాత్రం చాలా సందర్భాల్లో రుణం అడిగినవారి ఖాతా నుంచే పోతుంది. డబ్బు కట్టినవారికి చూపించకూడని లెక్క ఇది. వైద్యుడికి ఫీజు ఇచ్చి రోగం పేరు వినకుండా వెళ్ళమంటే ఎవరూ ఒప్పుకోరు, ఇంటాయన పరిస్థితీ అదే. అమెరికాలోనూ ఇదే మెలిక ఉంది. అక్కడ కూడా అప్రైజరును, అంటే విలువ కట్టేవారిని, నియమించిన రుణదాతే కక్షిదారు, ఖర్చు భరించిన ఇంటి కొనుగోలుదారు కాదు. 2008 ఆర్థిక సంక్షోభం తరువాత 2010లో వచ్చిన డాడ్-ఫ్రాంక్ చట్టం అప్రైజరు మీద ఒత్తిడి తేవడాన్ని నిషేధించింది. ఆ నిషేధం రాబోయే ఆదాయం కోసం అంకె పెంచమనే బ్రోకర్లకూ రుణ అధికారులకూ పగ్గం వేసింది గానీ, గుమ్మంలో ఎదురయ్యే కోపానికి మందు కాలేదు.

కోపం ఎక్కడ పుడుతుంది

వ్యాల్యూయర్లతో గొడవపడేవారిలో ఎక్కువమంది చెడ్డవారు కారు, భయపడ్డవారు. కూతురి పెళ్ళికో కొడుకు విదేశీ చదువుకో లెక్కపెట్టుకున్న అప్పు ఈయన రాసే అంకె మీద వేలాడుతుంటుంది. ఎదురింటి స్థలం గజం ఎంతకు అమ్ముడుపోయిందో ఇంటాయన చెవిన పడింది. అమ్మినవాడు గొప్పకు చెప్పిన రేటు ఒకటి, రిజిస్ట్రేషన్ పత్రంలో రాసుకున్నది వేరొకటి, స్టాంపుల శాఖ ప్రకటించిన ప్రభుత్వ విలువ మూడోది. వ్యాల్యూయరు ఈ మూడింటి మధ్య తన అంకె వెతుక్కుంటాడు. బ్యాంకు నమూనాలో మార్కెట్ విలువతోపాటు రాబట్టదగిన విలువ, గత్యంతరం లేని అమ్మకపు విలువ అని ఇంకో రెండు గళ్ళుంటాయి. అన్నిటికన్నా తక్కువగా ఉండే ఆ చివరి అంకె ఎలాగో ఇంటాయన కంట పడితే, 'నా ఇంటికి నువ్వు కట్టిన రేటు ఇదా' అన్న మాట మొదలవుతుంది. ఆ గడి అర్థం ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

అంకె కన్నా లోతుగా గుచ్చుకునేవి లోపాలు. ప్లానులో రెండంతస్తులు, నేల మీద నాలుగు. సెట్‌బ్యాకులో కట్టిన మెట్లు. లింకు డాక్యుమెంట్లలో ఉన్న హద్దుకూ గోడకూ మధ్య తేడా. అన్నిటికీ మించి రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షను కింద ఉండే నిషేధిత ఆస్తుల జాబితా. తన సర్వే నంబరు అందులో ఉందని పాతికేళ్ళుగా కాపురం ఉంటున్న మనిషికి మొట్టమొదట తెలిసేది ఒక్కోసారి వ్యాల్యూయరు నోటి నుంచే. చెరువు పూర్తి నీటిమట్టం పరిధి, బఫర్ జోన్ సంగతీ అంతే. 2024 జూలైలో హైదరాబాదులో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యాక, చెరువు పక్క కాలనీలో టేపు, కెమెరా పట్టుకుని గోడలు చూసే కొత్త మనిషిని జనం ఏ కళ్ళతో చూస్తారో చెప్పనక్కరలేదు. ఆయన గృహరుణం పని మీద వచ్చాడని నుదుట రాసి ఉండదు.

కొలవడానికి వచ్చినవారి మీద అనుమానం మన నేలలో కొత్తది కాదు. గొలుసు పట్టుకుని సర్వేయరు వచ్చాడంటే శిస్తు పెరుగుతుందనో, పక్కవాడితో తగాదా ముదురుతుందనో, ఊరు రోడ్డు కింద పోతుందనో అర్థం. గొలుసు పోయి లేజర్ మీటరు వచ్చినా ఆ భయం కొలత పరికరాన్ని అంటిపెట్టుకునే ఉంది.

అప్పు మొండిబారాక

కొత్త రుణం కోసం వెళ్ళినప్పుడు ఇంటివారే ఎదురు వచ్చి కాఫీ ఇస్తారు. అదే అప్పు మొండి బకాయిగా మారాక అదే ఇంటికి మళ్ళీ వెళ్ళడం ఈ వృత్తిలో అత్యంత ప్రమాదకరమైన ప్రయాణం. ఆ ప్రయాణం ఎక్కడ పడుతుందో తెలియాలంటే 2002 నాటి సర్ఫేసీ చట్టం నడక తెలియాలి. 13(2) సెక్షను కింద 60 రోజుల గడువుతో బ్యాంకు నోటీసు ఇస్తుంది. రుణగ్రహీత అభ్యంతరం చెబితే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. గడువు దాటాక 13(4) కింద స్వాధీనం చేసుకోవచ్చు. స్వాధీనం చేసుకున్నట్టు తెలిపే నోటీసును తలుపుకు అంటించాలి, 7 రోజుల్లోగా రెండు పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషది. అమ్మకానికి ముందు ఆమోదిత వ్యాల్యూయరు చేత విలువ కట్టించి రిజర్వు ధర నిర్ణయించాలని 2002 నియమావళిలోని 8(5) నియమం చెబుతుంది.

వాడుకలో ఈ స్వాధీనం మొదట కాగితం మీదిదే. తలుపుకు నోటీసు అంటి ఉంటుంది, తలుపు వెనక కుటుంబం కాపురం ఉంటుంది. పేరు పత్రికలో పడి నాలుగు రోజులైంది, చుట్టాలు ఫోన్లు చేస్తున్నారు, పాలవాడు కూడా అదోలా చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడు టేపు పట్టుకుని వ్యాల్యూయరు గేటు తీస్తాడు. నోటీసు ఇచ్చిన అధికారి కార్యాలయంలో ఉంటాడు. వేలం వేసేది ఎవరో కంటికి కనిపించదు. కనిపించేది ఈయన ఒక్కడే. బ్యాంకు కోసం తమ ఇంటికి రేటు కడుతున్న మనిషిగా కాక, తమ ఇంటిని తక్కువకు ఎవరికో అప్పగించే కుట్రలో భాగంగా ఆయన కనిపిస్తాడు.

చాలా సంస్థల్లో సంతకం పెట్టేది అనుభవమున్న వ్యాల్యూయరు, సైటుకు వెళ్ళేది ద్విచక్ర వాహనం మీద తిరిగే పాతికేళ్ళ కుర్రవాడు. రోజుకు నాలుగైదు ఇళ్ళు చూడాలి, ఏది కొత్త రుణమో ఏది మొండి బకాయో చీటీలో రాసి ఉండదు. బ్యాంకు కేసు అప్పగించేటప్పుడే ఆ ఒక్క మాట చెప్పడం, మొండి బకాయి ఆస్తికి తన అధికారిని తోడు పంపడం ఖర్చులేని పనులు. అవి ఇప్పటికీ మేనేజరు మంచితనం మీద ఆధారపడి ఉండటం ఈ రంగంలోని పెద్ద లోపం.

వ్యాల్యూయరుకు తనంతట తానుగా ఇంట్లోకి వెళ్ళే హక్కు లేదు. తనిఖీకి అనుమతిస్తానని రుణపత్రంలో రాసి ఉన్నా, అది బ్యాంకుకూ రుణగ్రహీతకూ మధ్య ఒప్పందమే తప్ప తలుపు తోసుకుని పోవడానికి తాళంచెవి కాదు. వద్దంటే వెనక్కి రావాలి. బయటి నుంచి కనిపించినంత చూసి, లోపల పరిశీలించనివ్వలేదని నివేదికలో రాయడం వృత్తి ధర్మానికి లోటు కాదు. భౌతికంగా స్వాధీనం కావాలంటే బ్యాంకు 14వ సెక్షను కింద చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటునో జిల్లా మేజిస్ట్రేటునో ఆశ్రయించి పోలీసు సాయం తెచ్చుకోవాలి. ఆ పని తేలకముందే లోపలి గదులు కొలిచి తెమ్మని ప్యానెల్ ఇంజినీరును పంపడమంటే మేజిస్ట్రేటు చేయవలసిన పనిని అతని చేత చేయించబోవడమే. కోపంగా ఉన్న ఇంటివారికి, అడిగితే, ఒక నిజం చెప్పవచ్చు. బ్యాంకు చర్య మీద 45 రోజుల్లో రుణ వసూళ్ళ ట్రిబ్యునల్‌కు వెళ్ళే దారి 17వ సెక్షను ఇచ్చింది. ఆ ట్రిబ్యునళ్ళు హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి. తన గోడు వినే చోటు ఒకటుందని తెలిసిన మనిషి ఎదుట నిలబడ్డవాడి కాలరు పట్టుకునే అవకాశం తక్కువ.

వాటాలు, తగాదాలు, భూసేకరణ

అన్నదమ్ముల పంపకాల్లో విలువ కట్టడం వేరే రకం. అక్కడ కోపం బ్యాంకు మీద కాదు, అన్న మీద. పిలిచింది తమ్ముడైతే అన్నకు వ్యాల్యూయరు తమ్ముడి మనిషి. ఇరుపక్షాలకూ ఒకే రోజున, ఒకే మాటలతో ముందుగా కబురు పంపి, ఇద్దరి సమక్షంలోనే కొలవడం పాతకాలపు పెద్దమనుషుల పద్ధతి. ఇప్పటికీ దాన్ని మించింది రాలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు 9వ నియమం కింద కోర్టు నియమించిన కమిషనరు వెంట వెళ్ళే వ్యాల్యూయరు కొంత నయం. ఆయన వెనక కోర్టు ఉత్తర్వు ఉంటుంది, గొడవ ఖాయమనిపిస్తే కమిషనరు ద్వారా పోలీసు రక్షణ కోరవచ్చు.

భూసేకరణలో విలువ నిర్ణయించేది కలెక్టరు. 2013 భూసేకరణ చట్టం 26వ సెక్షను లెక్కించే విధానాన్ని చెబుతుంది, 30వ సెక్షను దాని మీద నూరు శాతం సొలేషియం కలుపుతుంది. ఇక్కడ పొలం గట్ల మీద కొలిచేవారు ప్రభుత్వ సిబ్బంది, వారికి సలహాదారులుగా వెళ్ళే ప్రైవేటు నిపుణులు. తోటలకూ బోర్లకూ కట్టడాలకూ విడివిడిగా విలువ కట్టాలి కాబట్టి ఒకే రైతు ముందు ముగ్గురు నలుగురు నిలబడతారు. పాత వేపచెట్టుకు పుస్తకంలో రేటు ఉంటుంది గానీ, దాని కింద తాతను దహనం చేశారన్న సంగతికి ఉండదు. 2024 నవంబరు 11న వికారాబాదు జిల్లా లగచర్లలో భూసేకరణ మీద ప్రజాభిప్రాయం కోసం వెళ్ళిన అధికారులపై దాడి జరిగింది. ఆ రోజు అక్కడికి స్వయంగా కలెక్టరే వెళ్ళాడన్నది గమనించదగ్గది. హోదా గుమ్మం దగ్గర కవచం కాదు.

ముందు జరిగినవి

ఆస్తుల వ్యవహారంలో ఒంటరిగా తిరిగేవారి భద్రత గురించి ఆలోచించేలా చేసిన ఘటనల్లో ఒకటి లండన్‌లో జరిగింది. 1986 జూలై 28న ఫుల్హమ్‌లోని ఒక ఎస్టేట్ ఏజెన్సీలో పనిచేసే 25 ఏళ్ళ సూజీ లాంప్లూ ఇల్లు చూపించడానికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆఫీసు డైరీలో రాసిపెట్టింది 'మిస్టర్ కిప్పర్' అన్న పేరు, ఒక ఇంటి చిరునామా, మధ్యాహ్నపు సమయం. ఆ మనిషి ఎవరో తేలలేదు. ఆమె చనిపోయినట్టు తరువాత చట్టప్రకారం ప్రకటించారు, మృతదేహం దొరకలేదు. అదే ఏడాది ఆమె తల్లిదండ్రులు స్థాపించిన ట్రస్టు ఒంటరిగా పనిచేసేవారి భద్రత మీద ఇప్పటికీ శిక్షణ ఇస్తోంది. డైరీలో పేరు రాయడం మంచిదే గానీ, ఆ పేరు నిజమో కాదో ఎవరూ సరిచూడలేదన్నది ఆ ఘటన నేర్పింది. 2014 సెప్టెంబరులో అమెరికాలోని ఆర్కన్సాలో బెవర్లీ కార్టర్ అనే రియల్టరు కూడా ఇల్లు చూపించడానికి వెళ్ళి హత్యకు గురయ్యారు. ఆమె ఇంటికి రాలేదని ఆ సాయంత్రమే భర్త గుర్తించారు.

మన దగ్గర ఒంటరి ఇల్లే ప్రమాదస్థలం అనుకోవడానికి లేదు. 2019 నవంబరు 4న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్‌లో తహసీల్దారు విజయారెడ్డిని ఆమె కార్యాలయంలోనే, పట్టపగలు, భూమి తగాదా ఉన్న ఒక వ్యక్తి పెట్రోలు పోసి తగలబెట్టాడు. కాపాడబోయిన ఆమె డ్రైవరు కూడా తరువాత మరణించాడు. తహసీల్దారు, వ్యాల్యూయరు ఒకటి కాదు. అయినా తన భూమి విషయంలో ఒక కాగితం మీద ఒక సంతకం అడ్డుపడిందని నమ్మిన మనిషి ఎంతదాకా పోగలడో ఈ వృత్తిలోనివారికి ఆ ఘటన కన్నా బాగా చెప్పేది లేదు. వ్యాల్యూయరు కార్యాలయం చాలాసార్లు ఇంటి ముందుగదే. నివేదిక లెటర్‌హెడ్ మీద ఇంటి చిరునామా, సొంత ఫోను నంబరు ఉంటాయి. సైటులో ఎన్ని జాగ్రత్తలు పడ్డా, ఆ కాగితం చేతులు మారాక ఎదుటివాడే ఇంటికి రాగలడు. లెటర్‌హెడ్ మీద కార్యాలయ చిరునామా, ఆఫీసుకు విడిగా నంబరు పెట్టుకోవడం చవకైన రక్షణ.

బయలుదేరే ముందు

ప్రమాదం ఎంతో సగం ఫోనులోనే తేలిపోతుంది. కేసు వచ్చాక అడగవలసినవి కొన్నే. రుణం కొత్తదా, బకాయి పడ్డదా. ఇంట్లో ఉండేది యజమానా, అద్దెదారా, తగాదాలో ఉన్న మరొకరా. మునుపు ఎవరైనా వెళ్ళారా, వెళ్తే ఏమైంది. తోటి వ్యాల్యూయరును అడిగితే ఆ మాట దొరుకుతుంది, కాకపోతే పోటీలో ఉన్నవారు ఒకరికొకరు చెప్పుకోరు. ఈ రంగానికి ఇది పెద్ద శాపం. విలువ 50 కోట్ల రూపాయలు, అంతకు మించిన ఆస్తులకు కనీసం రెండు స్వతంత్ర నివేదికలు తీసుకోవాలని 2007లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. అంటే ఒకే గేటు దగ్గరికి ఇద్దరు వెళ్తారు. మొదటివాడికి తగిలిన దెబ్బ రెండోవాడికి తెలియకపోవడం విడ్డూరం.

ఇంటివారికి ముందుగా స్వయంగా ఫోను చేసి పేరు, ఏ శాఖ పంపిందో, ఎంతసేపు పడుతుందో, ఏయే గదుల ఫొటోలు కావాలో చెప్పాలి. అవతలి గొంతు ఎలా పలికిందో గమనించాలి. 'రండి, చూస్తాను మీ సంగతి' అన్న మాటకూ 'రండి సార్, లొకేషన్ పంపుతాను' అన్న మాటకూ మధ్య తేడా పట్టుకోవడానికి శిక్షణ అక్కరలేదు, పట్టించుకోవడమే అక్కరకొస్తుంది. మొదటి మాట వినిపిస్తే ఆ రోజు వెళ్ళకూడదు, వెళ్ళినా ఒంటరిగా వెళ్ళకూడదు. పొద్దుటిపూట మేలు. సాయంత్రానికి మందు, చుట్టాలు, చీకటి చేరతాయి. ఫోనులో లైవ్ లొకేషన్ ఇంట్లోవారికో ఆఫీసుకో పంపి, ఫలానా టైముకు నేను ఫోను చేయకపోతే మీరు చేయండి, ఎత్తకపోతే ఈ నంబరుకు చెప్పండి అని తేల్చుకోవాలి. అవతల ఆ ఫోను కోసం కాచుకుని ఉండే మనిషి లేనప్పుడు లొకేషన్ పంపడం ఉత్త తంతు.

గుమ్మం దాటాక

బండిని రోడ్డుకు ఎదురుగా తిప్పి పెట్టాలి, ఇంటివారి కారు వెనక ఇరికేలా కాదు. గుర్తింపు కార్డు, బ్యాంకు రాసిచ్చిన ఉత్తరం చేతికి అందేలా ఉండాలి. తెలుగు ఇళ్ళలో చెప్పులు బయటే విడవాలి. అందుకే పాతకాపులు లేసులు కట్టే బూట్లు వేసుకోరు. విడిచేటప్పుడే వాటి ముందుభాగం గేటు వైపుకు తిప్పి పెడతారు. ఇది చాదస్తంలా కనిపిస్తుంది గానీ, కేకలు మొదలయ్యాక వంగి లేసులు కట్టుకోవడం ఎలా ఉంటుందో ఒకసారి అనుభవించినవారు నవ్వరు.

లోపల ఇంటివారిని ముందు నడవనిచ్చి వెనక వెళ్ళడం మేలు. మర్యాదా అదే, దారి మూసుకుపోకుండా ఉండే ఉపాయమూ అదే. పూజగది, వంటిల్లు, పడకగది ఫొటోలు తీసేముందు అడగాలి. ఆడవారు ఫ్రేములో పడకుండా చూసుకోవాలి. ఇప్పుడు బ్యాంకులు అక్షాంశ రేఖాంశాలు పడే ఫొటోలు, వ్యాల్యూయరు ఇంటి ముందు నిలబడ్డ ఫొటో కోరుతున్నాయి. చెప్పకుండా ఫోను ఎత్తడమే ఎన్నో గొడవలకు మొదలు. మంచినీళ్ళు తాగవచ్చు. కూర్చోమంటే తలుపుకు దగ్గరి కుర్చీ. ఇంట్లో చావు జరిగిందనో, మైల అనో చెబితే వెంటనే మరో రోజుకు మార్చుకోవాలి. ఆ రోజు పొందిన గౌరవాన్ని మరుసటి సారి ఇంటివారు తిరిగి ఇస్తారు.

గొంతు పెరిగినప్పుడు వాదన పనికిరాదు. ఎదుటివారి మాట పూర్తిగా విని, వారి కష్టాన్ని ఒక్క వాక్యంలో తిరిగి చెప్పి, తన పని ఎంతవరకో ఒక్క వాక్యంలో చెప్పడం చాలాసార్లు సరిపోతుంది. "అవునండీ, ఇన్నేళ్ళు కట్టుకున్న ఇల్లు, బాధ ఉంటుంది. నా పని కొలిచి రాసివ్వడం వరకే, మీ మాట మేనేజరు గారికి చేరేలా మీరే ఒక కాగితం రాసివ్వండి, ఆయనకు ఇస్తాను." కాగితం రాస్తున్న చేయి గుప్పిటి బిగించదు. 'శాంతించండి' అన్న మాట మాత్రం నిప్పుకు నెయ్యి. పెద్దవయసువారిని 'పెద్దాయనా', 'అమ్మా' అనీ, ఈడువారిని 'అన్నా' అనీ, తెలంగాణ పల్లెల్లో 'పెద్దయ్యా', 'అక్కా' అనీ పిలిచే మన అలవాటు ఇక్కడ వట్టి మర్యాద కాదు. వరుస పెట్టి పిలిచినవాడి మీద చేయెత్తడానికి ఒక క్షణం ఎక్కువ పడుతుంది, ఆ క్షణమే కావలసింది.

గేటుకు గొళ్ళెం పడిన చప్పుడు, ఫోనులో ఎవరినో 'జల్దీ రారా' అని పిలవడం, మాట్లాడుతున్న మనిషి ఒక్కసారిగా మౌనమైపోవడం — వీటిలో ఏది కనిపించినా కొలతలు అక్కడికి ఆపేయాలి. బండిలో కాగితం మరిచిపోయానని చెప్పి బయటికి నడవడం పిరికితనం కాదు. టేపు, లేజర్ మీటరు వదిలేసి వచ్చినా నష్టం కొన్ని వేలే. ఆత్మరక్షణ విద్యల మీద ఈ మధ్య ఆసక్తి పెరుగుతోంది. నేర్చుకుంటే ధైర్యం వస్తుంది, కానీ అదే ధైర్యం ఇంకో రెండు నిమిషాలు అక్కడే నిలబెడుతుంది.

అంకె నోట రాకూడదు

"ఎంత వేస్తున్నారు సార్?" ఈ ప్రశ్న రాని సైటు లేదు. దీనికి సరదాగా కూడా అంకె చెప్పకూడదు. 'బానే వస్తుందండీ' అన్న ఓదార్పు అంకె కన్నా ప్రమాదం, ఎందుకంటే దాన్ని ఇంటాయన తనకు కావలసిన అంకెగా వింటాడు. "కొలతలు, కాగితాలు, చుట్టుపక్కల అమ్మకాలు చూశాక గానీ నాకే తెలియదు, నివేదిక బ్యాంకుకే వెళ్తుంది" అన్నది నిజం, అదే జవాబు. ప్లానుకు మించి కట్టిన అంతస్తు గురించీ, 22ఏ జాబితా గురించీ సైటులో నోరు మెదపకూడదు. దాచడం కాదిది, నివేదికలో పూర్తిగా రాయవలసిందే. చెప్పే చోటు, చెప్పే మనిషి వేరని అర్థం.

మెత్తని ఒత్తిడి

తిట్టేవారి కన్నా బతిమాలేవారు కష్టం. కవరు, మామిడిపళ్ళ బుట్ట, 'మా బావమరిది ఫలానా పార్టీలో ఉన్నాడు' అన్న పరిచయం, రుణం ఇప్పించే ఏజెంటు నుంచి 'కొంచెం చూసి వేయండి సార్' అన్న ఫోను. కవరు పుచ్చుకున్నవాడికి తరువాత వచ్చే బెదిరింపు మీద ఫిర్యాదు చేసే నోరు ఉండదు. 2017 నియమావళికి జతచేసిన ప్రవర్తనా నియమాలు స్వతంత్రతను తప్పనిసరి చేశాయి, ఒత్తిడికి లొంగకూడదన్నాయి. ఇవి నీతిపాఠాలుగా చదువుకుంటాం గానీ నిజానికి భద్రతా సూత్రాలు. ఫలానా వ్యాల్యూయరు అంకె కదలదని ఊళ్ళో పేరు పడితే ఆయనను కదిలించే ప్రయత్నమే తగ్గుతుంది. ఒకసారి కదిలినవాడిని మరోసారి కదిలించడానికి ఎవరైనా ఒక అడుగు ముందుకే వేస్తారు.

మహిళలు

ఈ వృత్తిలోకి వచ్చే మహిళా ఇంజినీర్ల సంఖ్య పెరుగుతోంది, సైటులు మాత్రం మగవారిని దృష్టిలో పెట్టుకునే కేటాయిస్తున్నారు. ఊరి చివర వెంచర్లో ఒంటరి ఫ్లాటు, యజమాని ఒక్కడే ఉన్న ఇల్లు వద్దని చెప్పే వీలు కేసు తీసుకునేటప్పుడే ఉండాలి. పని మీద వెళ్ళిన ప్రతి చోటూ 2013 నాటి పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం దృష్టిలో పని ప్రదేశమే. పదిమందికన్నా తక్కువ ఉద్యోగులున్న సంస్థల్లో పనిచేసేవారు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయవచ్చు. వ్యాల్యుయేషన్ సంస్థలు ఎక్కువగా ఈ చిన్న తరగతివే కాబట్టి ఈ కమిటీ ఉందన్న సంగతి తెలియడం ముఖ్యం. పని అయ్యాక వాట్సాప్‌లో వెంటపడేవారి మీద భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను వర్తిస్తుంది. అత్యవసరానికి 112, మహిళా సహాయానికి 181.

చట్టం ఇచ్చేది

ప్యానెల్ వ్యాల్యూయరు సాధారణంగా ప్రైవేటు వృత్తి నిపుణుడే. ప్రభుత్వ ఉద్యోగిని విధులు చేయనివ్వకుండా దాడికి దిగితే వర్తించే న్యాయ సంహిత 132వ సెక్షను తనకూ రక్ష అనుకుని గేటు దగ్గర దాన్ని వల్లించడం ఉపయోగం లేని పని. మిగతా పౌరులకున్నవే ఆయనకూ ఉన్నాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న న్యాయ సంహితలో దారికి అడ్డం నిలవడం 126, గదిలో బంధించడం 127, గాయపరచడం 115, బెదిరించడం 351వ సెక్షను కిందికి వస్తాయి. చంపుతానన్న బెదిరింపుకు ఏడేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా ఎక్కడైనా ఫిర్యాదు నమోదు చేయించుకునే జీరో ఎఫ్ఐఆర్‌ను భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను చట్టంలోకి తెచ్చింది. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం చేయాలి. చిన్న నేరాల్లో కొన్నిటికి మేజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు కాబట్టి, ఫిర్యాదులో ఏం జరిగిందో మాటకు మాట రాయడం అవసరం. 'దుర్భాషలాడాడు' అని రాసిన కాగితం కన్నా ఆ దుర్భాష ఏమిటో రాసిన కాగితం ముందుకు కదులుతుంది.

కుక్కలు, మేడలు

మనుషుల శత్రుత్వం గురించి ఇంత రాసినా, రోజువారీ గాయాల్లో కుక్కలనూ పిట్టగోడ లేని మేడలనూ మరిచిపోలేం. గేటు బయట నుంచే కుక్క ఉందా అని అడిగి, కట్టేశాక అడుగు పెట్టాలి. కరిస్తే సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకా వేయించుకోవాలి.

జరిగిన తరువాత

గొడవ జరిగిన సైటు నుంచి వచ్చాక మొదట చేయవలసింది కూర్చుని రాయడం. తేదీ, సమయం, ఎవరు ఏమన్నారు, ఎవరు చూశారు, ఏ గది దాకా కొలత పూర్తయింది. అదే రోజు బ్యాంకుకు ఈమెయిల్ పంపాలి. కుదిరితే కేసు వాపసు ఇవ్వాలి. బెదిరింపు తిన్న మనిషి రాసే అంకె భయంతో పెరగవచ్చు, పంతంతో తరగవచ్చు, రెండూ తప్పే. తీసుకున్న నిర్ణయాలకు ఎప్పటికప్పుడు రాతపూర్వక ఆధారాలు ఉంచుకోవాలనీ, పని కాగితాలను కనీసం మూడేళ్ళు భద్రపరచాలనీ ప్రవర్తనా నియమాలు చెబుతాయి. ఆ ఫైల్లో కొలతల పటం పక్కనే ఈ ఘటన కాగితం కూడా ఉండాలి. వేలం జరిగాక విలువ తక్కువ కట్టారని రుణగ్రహీత ట్రిబ్యునల్‌కు వెళ్తే, పై అంతస్తు ఎందుకు కొలవలేదన్న ప్రశ్న రెండేళ్ళ తరువాత వస్తుంది. అప్పటికి ఆ గేటు, ఆ కేకలు వ్యాల్యూయరుకే సరిగా గుర్తుండవు. ఫైల్లో ఉన్నదే సాక్ష్యం.